మూడు స్విచ్‌ల ప్రశ్న

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక లింగంపల్లిలో పొద్దున్నే వినిపించే బస్సుల చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఈశ్వరయ్యకు పడటం లేదు. బాల్కనీలోకి వెళ్లి రోడ్డు చూస్తాడు, లోపలికి వచ్చి పేపరు తిరగేస్తాడు, మళ్లీ బాల్కనీలోకి వెళ్తాడు. వంటింట్లో గంగమ్మ బొరుగులు నానబెట్టి ఉగ్గానికి తిరగమోత వేస్తోంది. కరెంటు పోకముందే పప్పుల పొడి మిక్సీ పట్టేయాలని ఆమె తొందర.

"మళ్లా యాడనో బస్సు అద్దాలు పగలగొట్టినారంట," అన్నాడు ఈశ్వరయ్య. "ప్రొద్దుటూరులో ఇల్లు అమ్ముకోని వచ్చినాం. రేపు వీళ్లు పొమ్మంటే యాడికి పోతాం?"

"ఎవురూ పొమ్మనరులే. చల్లారిపోతాది, తిందురు రాండి," అంది గంగమ్మ.

పెద్దకూతురు సుష్మ చున్నీ సర్దుకుంటూ ఆ మాటలు వినీ విననట్టు ఉండిపోయింది. ఆమె మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్. భర్త సురేంద్ర ఉద్యోగం బెంగళూరులో, శని ఆదివారాలకు వచ్చిపోయేవాడు, సమ్మె మొదలయ్యాక రావటం కుదరటం లేదు. ఈ ఫ్లాటులో అమ్మా నాన్నా, చెల్లెలు లావణ్యా ఆమెతోనే ఉంటారు. లావణ్యదీ సాఫ్ట్‌వేరే, వేరే కంపెనీ.

లావణ్య ఎవరినో ఇష్టపడుతోందని సుష్మకు తెలుసు. ఆ మధ్య ఒకరోజు చెల్లెలే చెప్పింది. పేరు మాత్రం చెప్పలేదు. "నువ్వు ఒకసారి చూడక్కా. నీకు నచ్చితేనే నాయనతో మాట్లాడు," అంది. సుష్మ సరేనంది. ఆ తర్వాత లావణ్య ఎందుకో ఆ ఊసే ఎత్తలేదు.

ఆ పొద్దున ఉగ్గాని తింటూ అడిగింది. "అక్కా, ఈరోజు ఇంటర్వ్యూలు నువ్వే చేస్తాండావా?"

"అవును. ఏం?"

"ఏం లేదు. పిల్లోళ్లను భయపెట్టొద్దు పాపం," అని నవ్వింది. ఆ నవ్వులో ఏదో కంగారు ఉంది గానీ, సుష్మకు పట్టించుకునే తీరిక లేదు.

బస్సులు లేవు కాబట్టి షేర్ ఆటో ఎక్కింది. కొండాపూర్ దాటుతుండగా ఊరేగింపు ఎదురైంది. డప్పులు, గులాబీ కండువాలు, 'జై తెలంగాణ' నినాదాలు. ఇద్దరు కుర్రాళ్లు ఆటో ఆపారు. ఒకడు లోపలికి తొంగి చూసి, "ఏ ఊరు మేడమ్ మీది?" అని అడిగాడు. కోపంగా ఏమీ అడగలేదు. అయినా సుష్మ బ్యాగును ఒళ్లోకి లాక్కుంది. "ఇక్కడే," అంది మెల్లగా. "పోనియ్యి భాయ్," అంటూ వాడు ఆటో పైకప్పు మీద చేత్తో తట్టాడు. అంతే జరిగింది. కానీ 'ఇక్కడే' అన్న ఆ మాట అబద్ధమో నిజమో తేలక, ఆఫీసు లిఫ్టు ఎక్కేదాకా ఆమె మనసు కుదుటపడలేదు.

ఇంటర్వ్యూ గదిలో మేనేజరు రామ్మోహనరావు అప్పటికే వచ్చి కూర్చున్నాడు. కాకినాడ మనిషి, నెమ్మదస్తుడు. వాళ్లిద్దరికీ ఒక ఒప్పందం ఉంది. ప్రోగ్రాములు ఆయన రాయిస్తాడు, చివరికి సుష్మ ఒక చిక్కుప్రశ్న అడుగుతుంది. "కోడ్ రాయటం ఎవరికైనా నేర్పొచ్చు సార్, ఆలోచించటం నేర్పలేం," అనేది ఆమె మాట. ఆ మాట మీద ఆమెకు చాలా నమ్మకం.

మొదట వచ్చిన అబ్బాయి పేరు నితీష్. సన్నగా ఉన్నాడు, చొక్కా చేతులకు మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్నాడు. రామ్మోహనరావు ఇచ్చిన ప్రోగ్రామును నిదానంగా రాశాడు. రాసింది తనే మళ్లీ చదువుకుని, ఒక చోట కొట్టేసి దిద్దాడు. రామ్మోహనరావు తల పంకించాడు. తర్వాత సుష్మ వంతు వచ్చింది.

"ఒక గదిలో ఒక బల్బు ఉంది. గది బయట మూడు స్విచ్‌లు ఉన్నాయి. వాటిలో ఒక్కటే ఆ బల్బుది. తలుపు మూసి ఉంది, బయటికి వెలుగు కూడా కనపడదు. స్విచ్‌లు మీ ఇష్టం వచ్చినట్టు వేసుకోవచ్చు, ఆపుకోవచ్చు. గదిలోకి మాత్రం ఒక్కసారే వెళ్లాలి. బల్బు ఏ స్విచ్‌దో ఎలా చెప్తారు?"

నితీష్ కొంచెం ముందుకు వంగాడు. "కరెంటు ఉంటది గద మేడమ్?"

రామ్మోహనరావు ఫక్కున నవ్వాడు. బొగ్గు గనుల సమ్మెతో ఊరంతా కరెంటు కోతలే. సుష్మకు మాత్రం నవ్వు రాలేదు. తనను ఎగతాళి చేస్తున్నట్టు అనిపించింది. "ఇది జోకులు వేసే చోటు కాదు," అంది.

"జోక్ గాదు మేడమ్, నేను..." అని ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. ఇక అక్కడి నుంచి ఒక్క మాట లేదు. బల్లకేసి చూస్తూ కూర్చున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. "టైమ్ తీసుకోండి," అంది సుష్మ. తీసుకున్నాడు. చివరికి "సారీ మేడమ్" అని లేచి వెళ్లిపోయాడు.

తర్వాత వచ్చిన యశ్వంత్ అనే కుర్రాడు ప్రశ్న సగంలో ఉండగానే నవ్వాడు. "మొదటి స్విచ్ వేసి కాసేపు ఉంచుతాను మేడమ్. అది ఆపేసి రెండోది వేసి లోపలికి వెళ్తాను. బల్బు వెలుగుతుంటే రెండోది. వెలగకపోయినా ముట్టుకుంటే వేడిగా ఉందంటే మొదటిది. చల్లగా ఉంటే మూడోది." సుష్మ రామ్మోహనరావు వైపు చూసింది, చూశారా అన్నట్టు.

"ఆ మొదటి అబ్బాయి ప్రోగ్రాము చాలా శుభ్రంగా రాశాడండీ," అన్నాడాయన.

"రాశాడు సార్. కానీ స్పార్క్ లేదు. ఒక్క ప్రశ్నకే బిగుసుకుపోయాడు. రేపు క్లయింటు ఏదైనా అడిగితే ఏం చేస్తాడు?"

యశ్వంత్‌ను తీసుకున్నారు.

రాత్రి భోజనాల దగ్గర సుష్మ ఆ సంగతి తమాషాగా చెప్పింది. కరెంటు లేదు, బల్ల మధ్యలో ఎమర్జెన్సీ లైటు పెట్టుకున్నారు. "స్పార్క్ లేదని ఒకబ్బాయిని వద్దన్నా. స్విచ్‌ల ప్రశ్న అడిగితే నన్నే ఎదురు అడిగినాడు, కరెంటు ఉంటది గద మేడమ్ అని!"

ఈశ్వరయ్యకు నవ్వు ఆగలేదు. "సమ్మె చేసేది వాళ్లే, కరెంటు ల్యాకుండా చేసేది వాళ్లే, మళ్లా ఉండాదా అని అడిగేది వాళ్లే!" గంగమ్మ కూడా నవ్వింది.

లావణ్య కంచం పక్కకు జరిపింది.

"ఆ పిల్లోని పేరు నితీష్ కదా అక్కా?"

సుష్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నీకెట్ల తెలుసు?"

"నేను చెప్పింది ఆ పిల్లోని గురించే." లావణ్య అక్క కళ్లలోకే చూసింది. "ఫ్రెండు చేత రెజ్యూమె పంపిచ్చింది నేనే. మనవాడు అని ముందే తెలిస్తే నాకోసం మంచిగా చూస్తావు. అట్ల కాకుండా, నీ అంతకు నువ్వు చూసి మెచ్చుకోవల్లనుకున్నా. మెచ్చుకున్నావు బాగా! ఇంటిల్లిపాదీ నవ్వుకునేటట్టు!"

"ఎవురు ఆ పిల్లోడు?" ఈశ్వరయ్య నవ్వు ఆగిపోయింది. "ఏ ఊరు?"

"ఖాజాగూడ నాయనా. పుట్టి పెరిగిందంతా ఆడనే. నేను చేసుకుంటే ఆయన్నే చేసుకుంటా."

ఈశ్వరయ్య చెయ్యి కడుక్కుని వచ్చి, తువ్వాలుతో తుడుచుకుంటూ, అరవకుండా చెప్పాడు. అరిచి ఉంటేనే నయమనిపించింది సుష్మకు. "చూడు తల్లీ. మన మాట వేరు, వాళ్ల మాట వేరు. బయట చూస్తాండావు కదా ఎట్లుండాదో. అది పక్కన పెట్టు. మీ అక్క ఎంతమందిని చూసింటాది? తెలివైనోడు ఎవుడో కాదో దానికి తెలీదా? అదే వద్దనింది. ఉద్యోగానికే పనికిరానోడు సంసారానికి పనికొస్తాడా?"

"నాయనా, అది వేరే..." సుష్మ అడ్డు రాబోయింది. "నేను చూసింది ఒక్క ఉద్యోగానికి..."

"నువ్వు చెప్పిందే నేను చెప్తాండా. స్పార్కు ల్యాదంటివే ఇప్పుడే!"

లావణ్య అక్క వైపు తిరిగింది. "ఒకటి నిజం చెప్పక్కా. స్విచ్‌ల ప్రశ్నకు జవాబు చెప్పలేదని వద్దన్నావా? 'ఉంటది గద' అన్నాడని వద్దన్నావా?"

'ఛీ, అదేం మాట' అనాల్సింది సుష్మ. నోరు తెరిచింది. పొద్దున ఆటోలోకి తొంగి చూసిన ముఖం కళ్లముందు కదిలింది. లావణ్య ఒక క్షణం చూసి, లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

మర్నాటి నుంచి లావణ్య అక్కతో మాట్లాడటం మానేసింది. టిఫిన్ ముందు పెడితే తింటుంది, అడిగితే 'ఊ' అంటుంది. ఈశ్వరయ్య మాత్రం పెద్దకూతురి మీద కొత్త మర్యాద చూపించటం మొదలుపెట్టాడు. గంగమ్మ ఎప్పుడైనా చిన్నపిల్ల తరఫున నోరు విప్పబోతే, "సుష్మ చూసింది కదా, ఇంగేం?" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా సుష్మకు ఒంటి మీద ఏదో పాకినట్టు ఉండేది. తన తీర్పుకు ఇంత బలం ఉందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఆ తీర్పు ఎక్కడి నుంచి పుట్టిందో మాత్రం ఎంత వెనక్కి వెళ్లినా దొరకటం లేదు. ప్రశ్న అడగకముందే అతని యాస విని తనలో ఏదో ముడుచుకుందా? లేక ఆ మౌనానికే విసుగు వచ్చిందా? ఒక పూట ఒకటి నిజమనిపించేది, మరో పూట రెండోది.

యశ్వంత్ తర్వాతి వారమే చేరాడు. మంచి పిల్లాడే, చలాకీగా ఉంటాడు. ఒకరోజు క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చుంటే, సుష్మకు ఎందుకో అడగాలనిపించింది.

"యశ్వంత్, ఆ స్విచ్‌ల ప్రశ్నే. కానీ ఈసారి తలుపుకు అద్దం ఉంది. బల్బు బయటికి బాగా కనిపిస్తుంది. ఇప్పుడెలా చెప్తావు?"

"సేమ్ మేడమ్. మొదటి స్విచ్ వేసి కాసేపు ఉంచి, ఆపేసి, రెండోది వేసి లోపలికి వెళ్లి ముట్టుకుని..."

"ముట్టుకోవటం ఎందుకయ్యా? అద్దంలోంచి కనిపిస్తోందన్నానుగా. ఒక్కొక్కటే వేసి చూస్తే సరిపోదూ?"

అతను తెల్లబోయాడు. తర్వాత సిగ్గుపడుతూ నవ్వాడు. "అమీర్‌పేట కోచింగ్‌లో ఇలాంటివన్నీ చెప్పారు మేడమ్. మా బ్యాచ్ అందరికీ వచ్చు."

సుష్మకు అతని మీద కోపం రాలేదు. నేరుగా రామ్మోహనరావు గదికి వెళ్లి, ఇంట్లో జరిగిందంతా చెప్పేసింది. "ఈ ప్రశ్నలు దేనికీ పనికిరావంటారా సార్?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మరీ అంత మాటెందుకండీ. కుర్రాడు కంగారుపడితే ఎలా ఉంటాడో తెలుస్తుంది. వందమంది వచ్చినప్పుడు ఎలాగోలా తగ్గించుకోవాలి కదా, దానికీ పనికొస్తాయి. కాకపోతే వెళ్లిపోయినవాళ్లలో ఎవరున్నారో మనకి ఎప్పటికీ తెలీదు. మీకు తెలిసింది, అదే చిక్కు."

"అతన్ని మళ్లీ పిలవొచ్చా?"

"ఆర్నెల్లు ఆగాలి, రూలు. అప్పుడు కూడా మీరు ఆ గదిలో ఉండకూడదు. ఇప్పుడు మీ ఇంటి మనిషి కదండీ," అన్నాడు. 'మీ ఇంటి మనిషి' అన్నది ఆయనే మొదటిసారి.

ఆదివారం పొద్దున సుష్మ చెల్లెలి గది తలుపు తట్టింది. "నన్ను వాళ్లింటికి తీసుకపోతావా?"

"ఎందుకు?" అంది లావణ్య.

"నాకూ సరిగ్గా తెలీదు."

లావణ్య చాలాసేపు చూసి, స్కూటీ తాళాలు తీసుకుంది.

ఖాజాగూడ పాత ఊళ్లో సందు చివర ఇల్లు. వెనకంతా ఏనుగుల్లాంటి బండరాళ్లు, వాటి వెనక కొత్తగా లేస్తున్న అద్దాల భవనాలు. బతుకమ్మ రోజులు. నితీష్ తల్లి సీతాబాయి వాకిట్లో తంగేడు పూలు ముందేసుకుని కూర్చుంది. వచ్చింది ఎవరో తెలియగానే లేచి చేతులు దులుపుకుంది.

"లావణ్య వాళ్లక్కనా? లోపలికి రాండ్రమ్మ. గిట్లనే నిలబడ్డరేంది?" టీ పెడుతూ తనే చెప్పుకుంటూ పోయింది. "మావోడు గా ఇంటర్వ్యూకు పోయొచ్చిన కాంచి పరేషాన్ల ఉన్నడు. అన్నం సక్కగ తింటలేడు. ఉద్యోగం కాకుంటె ఏమాయె బిడ్డా, ఇంకోటి దొరుకుతది అంటె వినడు."

ఆ ఉద్యోగం రాకుండా చేసింది తానేనని కొడుకు తల్లికి చెప్పలేదని సుష్మకు అర్థమైంది. టీ గ్లాసు తాగకుండానే కింద పెట్టింది.

నితీష్ ఆమెను ఇంటి వెనక బండల దగ్గరికి తీసుకెళ్లాడు. లావణ్య దూరంగా నిలబడింది.

"ఆ రోజు కరెంటు ఉందా అని ఎందుకు అడిగారు?" అంది సుష్మ.

"ఊకెనే అడగలే మేడమ్. ప్రోగ్రాం రాసేటప్పుడు గూడ నేను ముందుగాల అదే చూస్త. అనుకున్నది ఉన్నదా లేదా అని. కరెంటు లేకుంటె మూడు స్విచ్‌లు ఏసినా లాభం లేదు గద. గంతే. మీకు కోపమొచ్చింది. ఇగ ఆ తర్వాత బల్బు లేదు, స్విచ్ లేదు, నాకేం యాదికి లేదు. లావణ్య వాళ్లక్కకు కోపం తెప్పించిన అన్నదొక్కటే ఉన్నది."

సుష్మ ఉలిక్కిపడింది. "నేను లావణ్య అక్కనని మీకు ముందే తెలుసా?"

"తెల్వకేంది మేడమ్? చెప్పొద్దని లావణ్య ఒట్టు పెట్టిచ్చుకున్నది. ఉద్యోగమే అయితే ఏదో ఒకటి చెప్పేటోన్ని. మీ ముంగట ఎట్ల కూసోవాలె, ఏం మాట్లాడితె ఏమనుకుంటరో అని అదే ఫికర్."

ఆ రోజు ఇంటర్వ్యూలో ఆమె ఎదురుగా కూర్చున్నది ఉద్యోగం కోసం వచ్చిన మనిషి కాదు. పెళ్లిచూపులకు వచ్చి, ఆ సంగతి చెప్పే వీలు లేక, చెమటలు కక్కుకుంటూ కూర్చున్న పిల్లాడు. ఆ చెమటనే ఆమె తెలివితక్కువతనం అనుకుంది.

"నాకు ఒకటి తెలియటం లేదు నితీష్," అంది. మాటలు వెతుక్కోవలసి వచ్చింది. "నువ్వు మాట్లాడలేదని వద్దనుకున్నానో, మాట్లాడిన తీరుకే వద్దనుకున్నానో. ఆ పొద్దున ఊరేగింపులో ఎవరో నా ఆటో ఆపి ఏ ఊరని అడిగారు. ఆ భయం అట్లాగే మోసుకుని నీ ముందు కూర్చున్నాను. అదే కారణమా అంటే చెప్పలేను. కాదనీ చెప్పలేను."

నితీష్ తల వంచుకున్నాడు. "నేను గూడ ఊరేగింపులల్ల పోతుంట మేడమ్. ఎవరి ఆటో ఆపలే గని, పోయిన. ఇంక గూడ పోత. అది దాచి మీ ఇంటికి రాలేను."

ఆ మాట వినటం సుష్మకు కష్టంగానే ఉంది. అయినా దాచలేనన్నాడే, అక్కడ ఆమె గుండె కాస్త నెమ్మదించింది. "మేడమ్ అనొద్దు," అంది.

"వదినె అనొచ్చా?" అన్నాడు బెరుగ్గా. సుష్మ కళ్లు తుడుచుకుని తల ఊపింది.

ఇంటికి రాగానే తండ్రి ముందు నిలబడింది. "నాయనా, ఇంగ నా పేరు చెప్పి లావణ్య నోరు మూయించొద్దు. నేను చూసింది తప్పు. ఆ పిల్లోడు తెలివైనోడు, నిజం మాట్లాడేవాడు. నీకు వద్దనిపిస్తే నువ్వు చూసి వద్దను. నా మీద పెట్టొద్దు."

ఈశ్వరయ్య పేపరు తీసుకుని బాల్కనీలోకి వెళ్లిపోయాడు. మర్నాడు కాఫీ తాగుతూ, "రమ్మను. నేనూ అడగాల్సింది ఒకటుండాది," అన్నాడు.

దసరా వెళ్లాక నితీష్ తల్లిదండ్రులతో వచ్చాడు. తండ్రి బాలనర్సయ్య తెల్లటి పంచె కట్టుకుని సోఫా అంచున కూర్చున్నాడు. సీతాబాయి, గంగమ్మ వంటల గురించి ఏవో రెండు మాటలు మాట్లాడుకున్నారు. ఒకరు అన్నది మరొకరికి సగమే అర్థమైనా ఇద్దరూ తలలూపారు. ఈశ్వరయ్య గొంతు సవరించుకునే సరికి అందరూ ఊరుకున్నారు.

"చూడు నాయనా. రేపు మీ రాష్ట్రం మీకు వస్తాది. మమ్మల్ని పొమ్మంటారు అనుకో. అప్పుడు నువ్వు ఏ పక్క నిలబడతావు?"

లావణ్య ముఖం పాలిపోయింది. ఈ ప్రశ్నకు ఏ జవాబు చెప్పినా ఎవరికో ఒకరికి గుచ్చుకుంటుంది.

నితీష్ వెంటనే మాట్లాడలేదు. ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు. "రాష్ట్రం రావాలనే కోరుకుంట సార్. దాంట్ల అబద్ధం చెప్పను," అన్నాడు చివరికి. "మిమ్ముల్ని పొమ్మనేటోళ్ల దిక్కు మాత్రం నిలబడ. అంతకు మించి రేపు ఏమైతదో నాకు తెల్వది సార్. తెలిసినట్టు చెప్పలేను."

"ఎవడు పొమ్మంటడు?" బాలనర్సయ్య కల్పించుకున్నాడు. "మా వాడకట్టుల సగం మంది మీ దిక్కోళ్లే కిరాయికున్నరు. పొద్దుగాల లేస్తె వాళ్లతోనే కొట్లాట, వాళ్లతోనే చాయ్. మీరు పోతె మేమెవరితోని కొట్లాడాలె?"

గంగమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈశ్వరయ్య నవ్వలేదు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆయన గడ్డం వణుకుతోందని సుష్మ ఒక్కతే చూసింది.

"నాకు భయంగా ఉండాదయ్యా," అన్నాడు బొంగురు గొంతుతో. "ఎవురికీ చెప్పల్యా. ఈ వయసులో ఇంగో ఊరు వెతుక్కోవాలంటే నా చేత కాదు."

బాలనర్సయ్య లేచి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. మోకాలి మీద చెయ్యి వేసి ఉంచాడు.

సుష్మ అక్కడ ఉండలేక వంటింట్లోకి వెళ్లింది. నాయన పరీక్ష పెడుతున్నాడనుకుంది. ఆయన నిజంగానే అడిగాడు. జవాబు తెలియక, ఎవరైనా చెబితే బాగుండునని అడిగాడు. ఇన్నేళ్లలో తాను మాత్రం, ముందే జవాబు తెలిసిన ప్రశ్న తప్ప ఒక్కటీ అడగలేదు. ఎదుటి మనిషి నుంచి తెలుసుకోవాలని అడిగింది ఒక్కటీ లేదు. బండల దగ్గర అడిగిందే మొదటిది. స్టౌ ముందు నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా ఏడుపు ఆగలేదు.

లావణ్య వచ్చి వెనక నుంచి భుజాల చుట్టూ చేతులు వేసింది.

"నాకింకా కోపమే," అంది.

"ఉండనీలే," అంది సుష్మ.

లావణ్య చేతులు తీయలేదు. హాల్లోంచి ఈశ్వరయ్య గొంతు వినిపించింది, కొంచెం తేరుకుని, కొంచెం విసుగ్గా. "ఏమ్మా, అందరూ ఆడ చేరి ఏం చేస్తాండారు? వీళ్లకు అన్నాలు పెట్టేదేమన్నా ఉందా ల్యాదా?"